చరణం పూర్తయ్యేదాకా

“మధ్యలో మైకు ఆగిపోతే ఏం చెయ్యాలండీ?”

మా ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూ అడిగాను. ఆయన అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకుంటున్నారు. అద్దంలోంచే నన్ను చూసి నవ్వారు. “నీ మైకు ఆగిపోయినా ఏం కాదులే. ముందా చొక్కా కాల్చకు,” అన్నారు. నాకు ధైర్యం చెప్పారనుకున్నాను.

మా ఇంట్లో నా భయాలకి పెద్ద విలువ లేదు. గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వస్తాను. గోదారికి నీళ్ళు వస్తున్నాయని టీవీలో చెప్పకముందే బియ్యం బస్తా అటకెక్కించేస్తాను. మా అమ్మాయి స్టెల్లా వచ్చే కాలేజీ బస్సు కాస్త ఆలస్యమైందంటే చాలు, బస్సు కాలువలో ఒరిగిపోయినట్టూ, పుస్తకాలు నీళ్ళమీద తేలుతున్నట్టూ కళ్ళకి కట్టేస్తుంది. మా ఆయన ప్రకాశరావు మాస్టారు ఇంటికొచ్చినవాళ్ళకి చెబుతుంటారు, “మా సువార్తకి భయపడ్డానికి కారణం అక్కర్లేదండి, కాస్త ఖాళీ దొరికితే చాలు” అని. అందరూ నవ్వుతారు. టీలు అందిస్తూ నేనూ నవ్వుతాను. ఆ ఖాళీ ఎప్పుడు దొరికిందని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను చదివింది పదో తరగతి. పాట మాత్రం మా అమ్మ నుంచి వచ్చింది. అమ్మ వరినాట్లలో పాడేది. వరసలో చివరున్న ఆడమనిషికి కూడా వినపడాలి కాబట్టి గొంతు ఎత్తి పాడేది. అలాంటి గొంతు మాస్టారి ఇంట్లో ఇమడదని కాపురానికి వచ్చిన కొత్తలోనే అర్థమైంది. పాడొద్దని ఎవరూ అనలేదు. అంటే ఎదురు చెప్పడానికైనా ఉండేదేమో. పిలిచేవారు, అంతే. పల్లవి అయి చరణం ఎత్తుకునేసరికి అత్తయ్యగారు మంచం మీంచి “సువార్తా, మంచినీళ్ళు” అనేవారు. ఈయన “సువార్తా, నా కళ్ళజోడేదీ” అనేవారు. “ఆయ్, వస్తున్నానండి” అంటూ లేచేదాన్ని. కళ్ళజోడు ఈయన చేతికి అందే చోటే ఉండేది. తిరిగొచ్చేసరికి పాట ఎక్కడ ఆగిందో నాకే గుర్తుండేది కాదు. అత్తయ్యగారు పోయారు, పిలుపులు పోలేదు. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో నేను ఒక్క పాటైనా చివరిదాకా పాడిన జ్ఞాపకం లేదు.

అందుకే ఆ చరణం నాకు అంత ముఖ్యమైంది. మా చర్చిలో శనివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళం క్వైరు ప్రాక్టీసు చేస్తాం. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన కాంతమ్మగారు మాకు పెద్ద. ఏడాదికోసారి జరిగే మహాసభలకి ఈసారి పట్నం నుంచి పేరున్న పాటగాడిని పిలిచారు. పి.గన్నవరం సెంటరు నుంచి మా ఊరిదాకా ‘లైవ్ మ్యూజిక్’ అని ఫ్లెక్సీలు కట్టారు. ఆయన కన్నా ముందు మా క్వైరు పాట. మూడో చరణం సువార్త ఒక్కతే పాడుతుంది, పల్లవి మనమంతా అందుకుందాం అన్నారు కాంతమ్మగారు. జనంలో వెనకనుంచి వచ్చి ప్రభువు అంగీ చెంగు ముట్టుకున్న ఆడమనిషి గురించిన చరణం అది. నాలుగంటే నాలుగే లైన్లు. స్టేజీ మీద నిలబడ్డ మనిషిని “సువార్తా” అని ఎవరు పిలుస్తారు? స్టెల్లాతో చెబితే, “అయితే నేను రికార్డు చేస్తానమ్మా, మా ఫ్రెండ్స్ ఎవ్వరూ నీ పాట వినలేదు” అంది. నా కూతురు నన్ను చూసి మురిసిపోవడం అప్పటిదాకా నేనెరగను.

ఆ రోజు పాటగాడికీ, వాయించేవాళ్ళకీ, కారు డ్రైవర్లకీ భోజనాలు మా ఇంట్లోనే. ఈయన సభల కమిటీ మెంబరు కదా. పొద్దుట నుంచీ పొయ్యి ముందే ఉన్నాను. బొమ్మిడాయిల పులుసు, కోడికూర, పనసపొట్టు కూర. పాటగాడు, గొంతు పాడవుతుందండీ అని చల్లటి నీళ్ళు ముట్టలేదు. ఈయన నాచేత గ్లాసు గ్లాసుకీ వేడినీళ్ళు పెట్టించారు. నా గొంతు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నేనే దొంగచాటుగా మిరియం గింజ దవడన పెట్టుకుని పులుసు కలిపాను. అంట్లు అలాగే వదిలేసి, పులుసు వాసన పోవడానికి మెడకి పౌడరు రాసుకుని స్టేజీ దగ్గరికి పరిగెత్తాను.

పాట మొదలైంది. రెండు చరణాలు బాగా నడిచాయి. స్పీకర్లలోంచి వస్తున్న పాట విని, మేమంతా కలిస్తే ఎంత బాగుంటుందో అనుకున్నాను. ప్రతి ఏడూ అలాగే అనుకునేదాన్ని. మూడో చరణం వచ్చింది. మైకు నోటి దగ్గర పెట్టుకుని మొదటి లైను పాడాను. నా చెవులకి నా గొంతు సరిగా వినపడలేదు, కంగారువల్లేమో అనుకున్నాను. అప్పుడు స్టెల్లా కోసం చూశాను. దాని కుర్చీ ఖాళీగా ఉంది.

అంతే. ఆ పక్కనే కాలువ గట్టు, గట్టు మీద లైట్లు లేవు. ఎవరైనా పిలిస్తే వెళ్ళిందా, కళ్ళు తిరిగాయా, గట్టు మీద కాలు జారిందా. నా నోరు మూతపడిపోయింది. మైకు నడుము దాకా జారింది. పాట మాత్రం ఆగలేదు.

రెండు పక్కల స్పీకర్లలోంచీ ఓ ఆడగొంతు, సన్నగా, తేనెలా, రెండో లైను పాడింది. మూడో లైను పాడింది. నేను తడబడితే వెనకనుంచి ఎవరో అందుకున్నారు, నా పరువు కాపాడారు అని తిరిగి చూశాను. ఒక్కరూ నా కళ్ళలోకి చూడలేదు. అందరూ కాళ్ళకింద చాప చూస్తున్నారు. ముందు వరసలో కూర్చున్న పిల్లలు నా మూసిన నోటికేసి చూపించి నవ్వారు. ఆ నవ్వు వెనక్కి, ఆ వెనక్కి పాకింది. కాంతమ్మగారి మోచెయ్యి నాకు తగిలింది. “నోరు ఆడించమ్మా,” అన్నారు గుసగుసగా.

నేను ఆడించాను. మిగిలిన పాటంతా చప్పుడు లేకుండా నోరు తెరుస్తూ, మూస్తూ, మైకు పట్టుకుని నిలబడ్డాను. నోరు మూసుకున్నందుకు కాదు, మళ్ళీ తెరిచినందుకు ఈ రోజుకీ తల ఎత్తుకోలేకపోతున్నాను. గేలానికి పడ్డ చేప గట్టు మీద అలాగే నోరు తెరుస్తుంది.

స్టెల్లా ఎక్కడికీ పోలేదు. నా గొంతు బాగా పడాలని ఫోను పట్టుకుని స్పీకరు పక్కన నిలబడింది. కిందికి దిగేసరికి ఎదురొచ్చింది. ఎవరిదో గొంతు నిండిన ఫోనుని చున్నీలో దాచుకుంది.

మర్నాడు టీ తాగుతూ ఈయన అన్నారు. “నా పరువు తీసేవు. నోరు ఆడించడం కూడా చేతకాలేదా నీకు?”

“మీకు ముందే తెలుసా అండీ?”

“తెలియకపోవడమేంటి, కమిటీలో అనుకునే చేసేం. మీ ఆడాళ్ళ మైకులు ఎప్పుడు వేసేం గనక? ఒకళ్ళు అరుస్తారు, ఒకళ్ళు గొణుగుతారు. ముందే రికార్డు చేసిన ట్రాకు పెట్టేమంటే గొడవుండదు. అంత పెద్ద పాటగాడు, ఆయనకీ ట్రాకే పెట్టేం. పెదాలు కదిపి దర్జాగా వెళ్ళేడా లేదా?” సగం తాగిన గ్లాసు నా వైపు తోశారు. “ఇందులో పంచదార సరిపోలేదు.”

మీసం కత్తిరించుకుంటూ ఆయన నవ్విన నవ్వు అప్పుడర్థమైంది. నేను చేసే చొక్కా ఇస్త్రీ కావాలి, నా పులుసు కావాలి, స్టేజీ నిండుగా కనపడ్డానికి క్వైరువాళ్ళ నీలం అంచు తెల్లచీరలో నేను కావాలి. గొంతు ఒక్కటే అక్కర్లేదు. నేనేమన్నానో తెలుసా? “ఆయ్” అన్నాను. పంచదార వేసి తెచ్చాను.

జనంలో ఎవరో తీసిన వీడియో ఊళ్ళో ఫోనుల్లో తిరిగింది. నోరు తెరవకుండా పాడే ఆంటీ అని పేరు కూడా పెట్టారట. స్టెల్లా కాలేజీకి వెళ్తోంది, వస్తోంది, గది తలుపు వేసుకుంటోంది. అన్నం పెట్టనా అంటే తల ఊపేది. ఏమైందే అంటే అదీ లేదు. నాతో మాట్లాడ్డమే మానేసింది. నేను తలుపు దగ్గర నిలబడి లోపల ఫ్యాను చప్పుడు వినేదాన్ని. ఆ చప్పుడు కాస్త మారితే తలుపుకి చెవి ఆనించేదాన్ని. నలుగురిలో నావల్ల తల దించుకుంటున్న పిల్లకి నా మొహం చూపించడానికే సిగ్గేసేది. ఇది నన్ను అమ్మా అని మళ్ళీ పిలుస్తుందా అన్నదే నాకు మిగిలిన భయం. తక్కిన భయాలన్నీ దాని ముందు చిన్నవైపోయాయి.

ఉండబట్టలేక బీపీ చూపించుకునే వంకతో కాంతమ్మగారింటికి వెళ్ళాను. చేతికి పట్టీ చుడుతూనే ఆవిడ, నాకు ముందునుంచీ తెలుసమ్మా, నీకు చెబితే మానేస్తావని చెప్పలేదు అన్నారు.

“తెలిసీ ఎలా పాడుతున్నారండీ ఇన్నాళ్ళూ?”

“ఇంట్లో పాడుకుంటే ఎవరో ఒకళ్ళు పిలుస్తారమ్మా,” అన్నారావిడ, పట్టీలోకి గాలి కొడుతూ. “శనివారం అక్కడైతే ఎవరూ పిలవరు. ఆ స్టేజీ, మైకులూ, అవన్నీ వాళ్ళ సరదా.”

పిలిచేది ఒక్క నన్నే కాదన్నమాట. ఇంటికి వస్తున్నంతసేపూ అదే అనుకున్నాను. పిలిస్తే ఆగాలని ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. నాకు నేనే ఆగాను, ఆ ఆగడానికి మంచి కోడలు అని పేరు పెట్టారు, ఆ పేరు పోతుందేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డాను.

ఆ సాయంత్రం వంటింట్లో కత్తిపీట వేసుకుని కొబ్బరి కోరుతున్నాను. చెయ్యి ఓ లయలో పడింది. మూడో చరణం దానంతటదే వచ్చింది. మొదట నాలో నేనే అనుకున్నాను. తర్వాత గొంతు ఎత్తాను, వరసలో చివరి మనిషికి వినపడేలా.

“సువార్తా, టీ,” అని వినపడింది ముందు గదిలోంచి.

ఆయ్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. రెండో లైను పాడాను.

“సువార్తా.”

కోరు పళ్ళెం బయట పడింది. ఏమంటారో, లేచి వస్తారేమో, ఎన్ని రోజులు ముభావంగా ఉంటారో. భయం పోలేదు. భయంతోనే మూడో లైను ఎత్తుకున్నాను. స్టేజీ మీద నా నోటిదాకా రాని లైను. గొంతు కాస్త జీరపోయింది, తేనెలా లేదు, కానీ అది నాదే. ముందు గదిలో పేపరు చప్పుడు ఆగిపోయింది.

“సువార్తా! వినపడ్డం లేదా?” కుర్చీ వెనక్కి జరిగింది. ఇంకా ఒక్క లైను ఉంది. ఊపిరి తీసుకున్నాను.

అన్నాళ్ళూ మూసి ఉన్న గది తలుపు గడియ తీసిన చప్పుడైంది.

“అమ్మ పాడుతోంది డాడీ,” అంది స్టెల్లా. “అయ్యేదాకా ఉండండి.”