పెళ్ళిరోజు కూడిక

శారోన్ టైలరింగ్ కొట్లో చీర అంచును వేళ్ళతో సాఫు చేస్తూ మిషను తొక్కుతోంది. బండారులంక నేత చీర, ఉల్లిపొర రంగు. ఇంకో రోజైతే దాన్ని ఒకసారి చెంపకు ఆనించుకుని, అప్పుడు ఫాల్ కుట్టేది. ఇవాళ దారం మూడుసార్లు తెగింది. ముప్పై ఆరేళ్ళ మనిషికి ఈ కంగారేమిటని తనమీద తనకే కోపం వచ్చింది.

పొద్దున మెట్ల దగ్గర ఇంటి ఓనరు సుందరి ఆంటీ చెయ్యి పట్టుకుంది.

"అయిదింటికల్లా వచ్చేయమ్మా. ఇవాళ మీ పెళ్ళిరోజు! పాస్టరుగారికి చెప్పేసేను. డాబా మీద ప్రార్థన కూడిక. మీరిద్దరూ సాక్ష్యం చెప్పాలి, ఆయ్!"

పది నెలల క్రితం అద్దెకు దిగిన రోజున ఆంటీ కేలెండరు తెచ్చి పెళ్ళి ఎప్పుడైందని అడిగితే, క్రాంతికుమార్ నోటికొచ్చిన తేదీ చెప్పాడు. సంఘంలో అందరి పెళ్ళిరోజులూ రాసుకుని ప్రార్థన పెట్టించే మనిషని వాళ్ళకేం తెలుసు?

అసలు పెళ్ళే లేదు. ఇద్దరూ కొత్తపేట స్కూల్లో కలిసి చదువుకున్నారు. ఒంటరి ఆడదానికీ, ఒంటరి మగాడికీ ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. ఇంటికోసం మొగుడూపెళ్ళాలుగా నటించే స్నేహితుల సినిమా ఒకటి చూసి, నవ్వలేక పొట్టలు పట్టుకుని బయటికొచ్చారు. మర్నాడే రోల్డుగోల్డు మంగళసూత్రం కొన్నారు. అతను రాత్రంతా రాజోలు వైపు రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు చూసుకుని, పగలు నిద్రపోతాడు. ఆమె రాత్రి నిద్రపోతుంది. మంచం ఒక్కటే, ఎప్పుడూ ఖాళీ ఉండదు.

ఆ గదిలో శారోన్‌కి సొంత పొయ్యి ఉంది. లోపలినుంచి పెట్టుకునే గడియ ఉంది. అంతకుముందు పదకొండేళ్ళు అక్కావాళ్ళ వరండాలో, బావ తలుపు తీసినప్పుడల్లా లేచి కూర్చుంటూ పడుకుంది. మొదటి రాత్రి ఆ గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుని నవ్వుకుంది.

మధ్యాహ్నం గదిలో ఉన్న క్రాంతికుమార్‌కి ఫోన్ చేసింది.

"ఏం చెప్తావురా సాక్ష్యం?"

"సినిమాలో హీరో ఏం చెప్పేడే?"

"అందులో ప్రార్థన లేదు కదరా."

అటువైపు నవ్వు ఆగిపోయింది.

"దేవుడి ముందు అబద్ధం నా వల్ల కాదే, శారూ."

"నా వల్లా కాదు. నిజం చెప్తే రేపే ఖాళీ చేయించేత్తారు. ఆ వరండాలోకి నేను మళ్ళీ పోలేను, క్రాంతీ."

"సాక్ష్యానికి నువ్వు లేవకు. నేను చెప్తాను," అని అతను ఫోన్ పెట్టేశాడు.

అయిదింటికి డాబా మీద పన్నెండు కుర్చీలు. మధ్యలో బల్ల మీద ఆంటీ చేయించిన కేకు, దాని మీద క్రీముతో ఇద్దరి పేర్లు. పాట అయింది. పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ముందు అబ్బాయి. మీ కాపురంలో దేవుడు చేసిన మేలు చెప్పండి."

క్రాంతికుమార్ లేచాడు. భుజాన బ్యాగు ఉందని అప్పుడు చూసింది శారోన్.

"శారోన్ చాలా మంచిదండి. నేను ఈవిడకి భర్తగా లేనండి, ఒక్కరోజు కూడా. ఇవాళ ఎల్లిపోతున్నానండి. ఆంటీ, తనని మాత్రం ఇల్లు ఖాళీ చేయించకండి."

అందులో ఒక్క మాటా అబద్ధం లేదని డాబా మీద ఆమెకొక్కదానికే తెలుసు. అతను ఆమెవైపు చూడకుండా మెట్లు దిగాడు. గేటు చప్పుడైంది.

"ఎదవ! పెళ్ళిరోజునాడే వదిలేసి పోయేడు!" సుందరి ఆంటీ శారోన్‌ని గుండెకు అదుముకుంది. "నువ్వెక్కడికీ ఎళ్ళొద్దమ్మా. నేనున్నంతకాలం ఆ గది నీదే."

శారోన్ వెక్కివెక్కి ఏడ్చింది. అందరూ మొగుడికోసమనుకున్నారు.

ఒక్కొక్కరే దిగిపోయారు. బల్ల మీద ఎవరూ కోయని కేకు. ఎండ వేడికి క్రీము జారి, రెండు పేర్లూ ఒకదానిలోకి ఒకటి కరుగుతున్నాయి.