మబ్బుతో సహా

పొద్దున ఆరున్నరకి ఆ ఇంట్లో అలారం మోగదు. అంతకంటే ముందే అత్తగారు మోగుతుంది.

"నీ మబ్బు మళ్ళీ దుప్పట్ల మీద కూచుంది! నిన్న ఉతికినవి, ఇవాళ మళ్ళీ పిండుకోవాలి. కాస్త చెప్పమ్మా దానికి!"

"చెప్పానత్తయ్యా. వినదు."

"నీ మాటే వినకపోతే ఇంకెవరి మాట వింటుంది! జరుగు, జరుగు. అటు పూలకుండీల మీదికి పో. వాటికైనా పనికొస్తావు."

మబ్బు బద్ధకంగా కుండీల మీదికి జరిగింది. ఒక దూది పరుపంత ఉంటుంది అది. కోడలు పైలట్ పని నేర్చుకునే రోజుల్లో, మొదటిసారి ఒంటరిగా విమానం ఎగరేసి దిగినప్పుడు, ఆమె వెనకాలే దిగి వచ్చేసింది. ఎంత తోలినా పోలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను రిజిస్టరులో "ఒక పైలట్, ఒక మబ్బు" అని రాసుకుని లోపలికి వదిలాడు. అంతే, అప్పట్నించీ ఆమెతోనే ఉంది. పెళ్ళిచూపులకీ వచ్చింది, ప్రసూతి వార్డు కిటికీ బయటా నిలబడింది.

ఆకాశంలో దానికి ఒక ఉద్యోగం ఉంది. విమానం ఎగురుతున్నంతసేపూ కుడి కిటికీ పక్కనే వస్తుంది. ముందు గాలి తేడాగా ఉందనిపిస్తే చల్లగా జారి ముందుకెళ్ళి చూసి వస్తుంది. చెదిరిపోయి, జుట్టు రేగిన మనిషిలా తిరిగొచ్చిందంటే అక్కడ కుదుపులున్నట్టు. "సార్, కాస్త పక్కకి తిరుగుదాం" అంటుంది ఈవిడ. కెప్టెన్ తిరుగుతాడు. వెనక మూడువందల మంది కప్పుల్లో కాఫీ తొణకదు. కంపెనీలో ఆమెని అందరూ మబ్బమ్మ అనేవారు. ఆ పేరు పిలిస్తే ఆమె పలికేది కూడా.

ఇంత గొప్పగా ఉంటే ఇక బాధేమిటంటారా? ఉంది. విమానంలో ముందు రెండు సీట్లుంటాయి. ఎడమది కెప్టెన్‌ది, కుడిది కో-పైలట్‌ది. మబ్బమ్మ పదకొండేళ్ళుగా కుడి సీట్లోనే కూచుంది. పరీక్షలన్నీ అయ్యాయి, గంటలన్నీ నిండాయి, భుజం మీద కెప్టెన్ గుర్తైన నాలుగో గీతకి చోటు ఖాళీగా ఉంది. గీత మాత్రం రాదు.

చీఫ్ పైలట్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన దగ్గరికి రెండుసార్లు వెళ్ళి అడిగింది.

"నీకేం తక్కువమ్మా," అన్నాడాయన, "కానీ నిన్ను ఎడమ సీటుకి పంపిస్తే నా కెప్టెన్లు నన్ను బతకనివ్వరు. డ్యూటీల రోస్టర్ రాగానే ఒక్కొక్కడూ ఫోను. మబ్బమ్మని నాకెయ్యండి, నాకెయ్యండి అని. అయినా నీ నంబరెంత?"

"పద్నాలుగు సార్."

"చూశావా మరి! ముందు పదమూడు మంది ఉన్నారు. ఓపిక పట్టాలి."

ఆ కంపెనీలో అన్నిటికీ నంబరే. చేరిన తేదీని బట్టి నంబరు, నంబరు ప్రకారం ఎడమ సీటు. మబ్బమ్మ మొగుడు లెక్కల మాస్టారు. ఏడాదికి ఎందరు రిటైరవుతారో, ఎన్ని విమానాలు కొంటారో కూడి, తీసి, ఫ్రిజ్ తలుపు మీద స్కెచ్ పెన్నుతో జవాబు రాశాడు. నలభై తొమ్మిదేళ్ళ ఎనిమిది నెలల వయసులో కెప్టెన్. ఆ అంకె చూసినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది.

అలాంటి సమయంలో పరాయి దేశపు విమాన కంపెనీ ఒకటి ప్రకటన ఇచ్చింది. కో-పైలట్లుగా చేస్తున్నవాళ్ళని నేరుగా కెప్టెన్లుగా తీసుకుంటాం, మీ ఊళ్ళోనే హోటల్లో కూచుంటాం, వచ్చి మాట్లాడండి అని. అబ్బో, ఇక చూడాలి సందడి! నంబరు మూడు వెళ్తున్నాడా, ఏడు వెళ్తోందా, పైవాళ్ళు పోతే నేను ఇక్కడే ఉండి కెప్టెన్ అవుతానా, అందరూ ఇలాగే అనుకుని ఎవడూ పోకపోతే నా గతేంటి? క్యాంటీన్లో అందరి గొంతులూ తగ్గిపోయాయి. అడిగితే మాత్రం "ఛ ఛ, నేనా? మన కంపెనీని వదిలి పోతానా" అనేవాళ్ళే అందరూ.

ఆ మంగళవారం పొద్దున పదింటికి కంపెనీలో పంతొమ్మిది మంది పైలట్లకి ఒకేసారి కడుపునొప్పి వచ్చింది. ఆ పంతొమ్మిది మందీ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఒకే హోటల్ లిఫ్టు ముందు కలుసుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేక అందరూ పైన వెలిగే అంకెల్నే చూస్తూ నిలబడ్డారు. మబ్బమ్మ ఒక్కతే సరిగ్గా సెలవు చీటీ ఇచ్చి వచ్చింది. దాచుకుని ఏం లాభం? హోటల్ గుమ్మం పైన అంత మబ్బు వేలాడుతుంటే!

లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల చంకలో ఫైలుతో పెద్దాయన.

"కాఫీ ఇక్కడ బాగుంటుందని విన్నాను," అన్నాడు పెద్దాయన, ఎవరూ అడక్కుండానే.

"మేమూ అదే విన్నాం సార్," అన్నాడు గాభరా.

గాభరా అంటే నంబరు పదిహేను. మబ్బమ్మని అక్కా అంటాడు. పుస్తకమంతా కంఠతా వచ్చు, చెయ్యి మంచిది, కానీ పక్కన పరీక్ష పెట్టేవాడు కూచుంటే చాలు, చెమటలు పట్టి అన్నీ మర్చిపోతాడు. కెప్టెన్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి తప్పితే ఇక ఏ కంపెనీ పిలవదు.

రెండు వారాలకి మబ్బమ్మకి కాగితం వచ్చింది. డైనింగ్ టేబుల్ మీద పెట్టి నలుగురూ చదివారు, ఎనిమిదేళ్ళ కూతురితో సహా. కెప్టెన్ ఉద్యోగం! గురువారం సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే ఉండే ఉత్తుత్తి విమానంలో, ఒక పరీక్ష, అది మామూలు తతంగమే, ఆ తర్వాత సంతకం. అత్తగారు అప్పటికే పక్క ఫ్లాటుకి పరుగెత్తబోతోంది.

"ఆగండత్తయ్యా. ఇది చూడండి."

మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. 'అభ్యర్థిని మబ్బుతో సహా కెప్టెన్‌గా నియమిస్తాం. మబ్బు రాని పక్షంలో కో-పైలట్‌గా నియమిస్తాం.'

"ఉండనీ," అన్నాడు మాస్టారు. "ఎలాగూ నీ వెంట వచ్చేదేగా. ఊరికే ఎందుకు గొడవ?"

"వాళ్ళు నన్ను తీసుకోవడం లేదండీ. దాన్ని తీసుకుంటున్నారు. నేను దాని సంచీ మోసే మనిషిని."

"అలా అనుకుంటే ఎలా?"

"పదకొండేళ్ళుగా అనుకోకుండానే ఉన్నాను. ఒక్క మాట చెప్పనా? అది లేకుండా నేను నడపగలనో లేదో నాకే తెలీదు. ఎప్పుడూ నడపలేదు." అలాంటి మాట ఆ ఇంట్లో ఎవరూ ఆమె నోట వినలేదు.

అత్తగారు కుర్చీ లాక్కుని కూచుంది. "కుడి పక్కన కూచుంటే ఏమైందే, విమానం విమానమే కదా అని ఇన్నాళ్ళూ నేనే అన్నాను. బుద్ధి తక్కువై అన్నాను. రాయి వాళ్ళకి. ఆ మాట తీసెయ్యమని రాయి. ఎక్కడికి పోయినా నేనూ వస్తున్నాను, మీరు పిలిచినా పిలవకపోయినా."

రాసింది. జవాబు మర్నాడే వచ్చింది. 'మీ ఇష్టం. సిమ్యులేటర్ గదిలోకి మబ్బుని ఎలాగూ రానివ్వరు, తేమకి యంత్రాలు పాడవుతాయి. కానీ మీరు ఇలా పట్టుబట్టారు కాబట్టి, పరీక్ష ఇక తతంగం కాదు. తప్పితే కెప్టెన్ ఉద్యోగమూ లేదు, కో-పైలట్ ఉద్యోగమూ లేదు.'

చేతికొచ్చిన ఉద్యోగాన్ని తీసుకెళ్ళి పందెంలో పెట్టినట్టయింది. మాస్టారు లేచి వెళ్ళి ఫ్రిజ్ మీద అంకె చెరిపేశాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కుడి సీట్లో కూచునేవాళ్ళు కుడి చేత్తో విమానాన్ని తిప్పే స్టిక్ పట్టుకుని, ఎడమ చేత్తో ఇంజిన్ వేగం మార్చే థ్రాటిల్ నడుపుతారు. ఎడమ సీట్లోకి వెళ్తే చేతులు మారిపోతాయి. పదకొండేళ్ళ అలవాటు. అందుకని ఆ వారమంతా మబ్బమ్మ అన్ని పనులూ ఎడమ చేత్తో చేసింది. పళ్ళు తోముకుంది, జుట్టు దువ్వుకుంది, క్యారెట్లు తరిగింది. క్యారెట్ల దగ్గర మాస్టారు కత్తి లాక్కున్నాడు. కూతురి స్కూలు డైరీలో ఎడమ చేత్తో సంతకం పెడితే, "మీ అమ్మాయి మీ సంతకం ఫోర్జరీ చేస్తోంది, గమనించండి" అని టీచరు చీటీ పంపింది. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు.

గురువారం పొద్దున ట్రైనింగ్ సెంటర్ కారిడార్లో గాభరా ముందే వచ్చి కూచున్నాడు. అతనికీ పిలుపొచ్చింది, మబ్బమ్మ తర్వాత అతని పరీక్ష. మోకాళ్ళు ఆడిస్తూ, గోళ్ళు కొరుకుతూ, మంచినీళ్ళ సీసా మూడోది తాగుతున్నాడు.

"అక్కా, నా వల్ల కాదు. ఇంటికి పోతాను."

"నోర్మూసుకుని కూచో. ఇదుగో, దీన్ని చూస్తుండు. లోపలికి రానివ్వరట." మబ్బుని అతని పక్క కుర్చీ మీదికి సైగ చేసి ఆమె లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

ఆ గదిలో విమానం ముందు భాగం మాత్రమే ఉంటుంది. కిటికీల్లో తెరల మీద ఆకాశం కనపడుతుంది. వెనక కుర్చీలో కొత్త కంపెనీ ఎగ్జామినర్, కుడి సీట్లో ఆయన తెచ్చుకున్న కో-పైలట్. మబ్బమ్మ ఎడమ సీట్లో కూచుని బెల్టు బిగించుకుంది. టేకాఫ్ అనగానే ఎడమ చెయ్యి తనంతట తానే థ్రాటిల్ కోసం కదిలి స్టిక్‌కి తగిలింది. విమానం ముక్కు ఒక్కసారి ఎగిరిపడింది. వెనకాల ఎగ్జామినర్ దగ్గాడు. ఆమె మనసులో తన చేతిని ఒక తిట్టు తిట్టి, చేతులు మార్చి, విమానాన్ని పైకి లేపింది.

కాసేపటికి రాడార్ తెర మీద ఎర్రగా తుఫాను. మధ్యలో సన్నని సందు. "ముందు విమానం ఆ సందులోంచే వెళ్ళింది," అని రేడియోలో చెప్పారు కంట్రోల్ టవర్ వాళ్ళు. అలవాటు కొద్దీ ఆమె తల కుడి కిటికీ వైపు తిరిగింది. అక్కడ కొత్త కో-పైలట్ మొహం తప్ప ఇంకేం లేదు. చూసి వచ్చి చెప్పేవాళ్ళు లేరు. రెండు సెకన్లు అటే చూసింది, అంతే. ఆ తర్వాత తెర మీద ఎరుపు ఎటు జరుగుతోందో చూసింది, గాలి చూసింది, ఇంధనం చూసింది.

"వెళ్ళం," అంది. "కుడికి తిప్పండి, చుట్టూ పోదాం. ప్రయాణికులకి ఆలస్యమవుతుందని నేనే చెప్తాను."

చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎగ్జామినర్ ఒక ఇంజిన్ ఆపేశాడు. ఒక్క ఇంజిన్‌తో దించింది. మెత్తగా దిగిందని చెప్పను, సోఫాలో కూలబడ్డట్టు దిగింది. కానీ రన్‌వే నడి గీత మీద దిగింది.

"ముందు విమానం ఆ సందులోంచి వెళ్ళింది కదా. మీరెందుకు వెళ్ళలేదు?" అడిగాడు ఎగ్జామినర్.

"ఆయనకి ఏం కనపడిందో నాకు తెలీదు. నాకు కనపడినదాన్ని బట్టి వెళ్ళలేదు."

ఆయన కాగితం మీద పెద్దగా టిక్ పెట్టాడు. "నెగ్గారు. చేతుల సంగతి వారంలో సర్దుకుంటుంది. ఇక ఆ మూడో పేజీ సంగతి. మావాళ్ళు మళ్ళీ మనసు మార్చుకుని తియ్యొద్దంటున్నారు. ఉంటే మీకేం నష్టం? సంతకం పెట్టెయ్యండి."

ఆమె పెన్ను తీసుకోలేదు. "కొట్టేస్తేనే పెడతాను సార్. లేకపోతే నా నంబరు పద్నాలుగు నాకు ఉంది."

నవ్వుతూనే అని, బెల్టు విప్పుకుని లేచింది. ఇంట్లోవాళ్ళ మొహాలు కళ్ళ ముందు కదిలాయి. అయినా పెన్ను ముట్టుకోలేదు. తలుపు తీసుకుని కారిడార్లోకి నడిచింది. కాగితం పట్టుకుని ఎగ్జామినర్ ఆమె వెనకాలే వచ్చాడు.

గాభరా కుర్చీలో వెనక్కి వాలి కూచున్నాడు. మోకాళ్ళు ఆడటం లేదు. సీసా మూత పెట్టి పక్కన ఉంది. మబ్బు అతని భుజం వెనక, కుడి వైపు, విమానంలో తన చోట నిలబడ్డట్టే నిలబడింది.

"రా, పోదాం," అంది మబ్బమ్మ దానితో.

అది రాలేదు. ఆమె వైపు ఒకసారి తేలుతూ వచ్చి, చెంపకి చల్లగా తగిలి, మళ్ళీ వెనక్కి వెళ్ళి గాభరా వెనక నిలబడింది.

"అక్కా, ఇది నన్ను వదలట్లేదేంటి? నేనేం చెయ్యలేదు, ఒట్టు!"

మబ్బమ్మ దాని వంక చూసింది. ఇన్నేళ్ళు! పెంచిన పిల్లని బడి గుమ్మం దగ్గర వదిలినట్టుంది. అంతలోనే గర్వం పొంగుకొచ్చింది, తన మీదా, దాని మీదా. తనకిక అక్కర్లేదని దానికే ముందు తెలిసింది.

"ఉండనీరా. కుడి కిటికీ పక్కన చోటివ్వు. నీళ్ళు ఎక్కువ తాగనివ్వకు, బరువెక్కిపోతుంది."

ఎగ్జామినర్ మబ్బు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, చేతిలోని మూడో పేజీ వంక చూశాడు. కారిడార్ గోడకి కాగితం ఆనించి ఆ రెండు వాక్యాలూ అడ్డంగా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేశాడు. ఆమె ఎడమ చేత్తో పెన్ను అందుకుని, కుడి చేతికి మార్చుకుని సంతకం పెట్టింది.

తర్వాత ఆయన జేబులోంచి గాభరా కాగితం తీశాడు. మబ్బు వంక చూస్తూ ఏదో రాయబోయాడు.

"సార్," అంది ఆమె. ఆ గొంతుకి పెన్ను ఆగిపోయింది. "అతని కాగితంలో ఆ మాట రాయకండి. ముందు లోపలికి తీసుకెళ్ళి చూడండి. మబ్బు బయటే ఉంటుంది."

"అలాగే కెప్టెన్," అన్నాడాయన. పెన్ను జేబులో పెట్టుకుని గాభరాకి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

గంటన్నర తర్వాత గాభరా బయటికి వచ్చి, రెండు బొటనవేళ్ళూ పైకెత్తి చూపించాడు. అతనూ మబ్బూ మెట్లు దిగి పోతుంటే మబ్బమ్మ చూస్తూ నిలబడింది. తర్వాత తనూ బయటికి నడిచింది. మిట్టమధ్యాహ్నపు ఎండ సూటిగా నడినెత్తి మీద పడింది. మబ్బు నీడ లేకుండా, ఇన్నేళ్ళలో మొదటిసారి. చేత్తో కళ్ళకి నీడ పెట్టుకుని ఇంటికి ఫోను చేసింది.

"హలో, ఎవరూ?" అంది అత్తగారు, నంబరు చూడకుండా.

"కెప్టెన్ని మాట్లాడుతున్నానత్తయ్యా."