జంటగుండ్ల మీద సిగ్నల్

ఎయిర్‌పోర్టు గోడ పక్క తుప్పల్లో చిరుత తిరుగుతోందని అటవీశాఖ వాళ్లు ఆటోకు మైకు కట్టి చెప్పిపోయిన రోజు నుంచి రుక్కమ్మకు భయం పట్టుకుంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడిపోయేంత భయం. మంఖాల్ ఊళ్లో భయం లేనివాళ్లు ఎవరూ లేరు, కాకపోతే అందరూ తలుపులు వేసుకుని భయపడుతున్నారు. రుక్కమ్మ మొగుడు కుర్మయ్య మాత్రం రోజూ పొద్దున్నే గొర్రెల మందను తోలుకుని సరిగ్గా ఆ తుప్పల దిక్కే పోతున్నాడు.

పోవద్దంటే వినడు. "పులి ఉన్నదని చెప్తే గొర్లకు ఆకలి ఆగుతదానె?" అంటాడు. ఊరి చుట్టూ ఉన్న బీళ్లన్నీ ప్లాట్లయి, హద్దురాళ్లు పాతి, కంచెలు పడ్డాక కడుపునిండా మేత మిగిలింది ఆ వాగు పల్లంలోనే. అది నిజం కాబట్టి రుక్కమ్మకు ఇంకా ఒళ్లు మండింది. తిట్టింది, ఏడ్చింది, చివరికి ఒట్టు పెట్టింది.

"పగటి పూట నీ ఫోను రావాలె. నీ గొంతు ఇనేదాక నేను బుక్క నోట్ల పెట్ట. ఇగ నీ ఇష్టం."

రుక్కమ్మకు షుగరు ఉంది. మాత్ర వేసుకుని వేళకు తినకపోతే కళ్లు తిరుగుతాయి. పోయిన ఎండాకాలం అలాగే గుమ్మంలో పడిపోతే నీళ్లు చల్లి లేపింది కుర్మయ్యే. అందుకని ఆ ఒట్టు ఆయనకు గట్టిగానే తగిలింది.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఫోను వచ్చేది. "తిన్నావే?" అనేవాడు. "ఇగో తింటున్న" అనేది. అంతే, పెట్టేసేవాడు. వెనకాల గాలి హోరుమంటూ వినిపించేది. ముసలాయన మాట తప్పడం లేదని రుక్కమ్మ లోలోపల మురిసిపోయేది. కానీ ఆ ఒక్క ఫోను తప్ప మిగతా పగలంతా ఈమె ఎన్నిసార్లు చేసినా కలిసేది కాదు. మీరు పిలుస్తున్నవారు కవరేజి ఏరియాలో లేరని ఒక ఆడమనిషి తియ్యగా చెప్పేది. చావు కబురు కూడా అదే గొంతుతో చెబుతుందేమో అనిపించేది రుక్కమ్మకు.

ఫోను పాతదేమీ కాదు. కుర్మయ్య బటన్ల ఫోను వాగులో పడి పాడైపోతే, ఎయిర్‌పోర్టు కార్గోలో సామాను ఎత్తే కొడుకు శేఖర్ ఈ ఫారిన్ ఫోను తెచ్చాడు. ఏదో దేశం నుంచి దిగిన ఒకాయన డబ్బా కూడా సరిగ్గా విప్పకుండానే అమ్మేశాడట. అరచేతిలో పట్టనంత పెద్దది, అద్దంలా మెరిసేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. ఇక్కడి షాపుల్లో దొరికేవి దీని ముందు దేనికీ పనికిరావన్నాడు శేఖర్. ఇంట్లో పెట్టి చూస్తే సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపించాయి. అందరూ సంతోషించారు.

ఆ రోజు కుర్మయ్య మందతో వెళ్లిపోయిన చాలాసేపటికి మైకు ఆటో మళ్లీ వచ్చింది. ఈసారి మాట మారింది. వాగు ఒడ్డున ఒకదానిపై ఒకటి నిలిచిన పెద్ద బండలు, జంటగుండ్ల మొదట్లో, ఇసుకలో చిరుత అడుగులు దొరికాయట. పగలు ఆ గుండ్ల మీదే పడుకుంటోందని అనుమానమట. రేపు బోను పెడతాం, అందాకా ఎవరూ ఆ గుండ్ల దరిదాపులకు పోవద్దు అని చెప్పి ఆటో సందు తిరిగింది.

రుక్కమ్మ వెంటనే ఫోను చేసింది. అదే ఆడమనిషి పలికింది.

"పల్లంల ఉన్నడు గద. గుండ్ల కాడ ఏం పని ఆయనకు" అని తనకు తానే చెప్పుకుంది. అయినా ఇంట్లో కూర్చోలేక, ఆ ఫారిన్ ఫోను డబ్బాలో దాచుకున్న మాత్రలన్నీ మంచం మీద కుమ్మరించి, ఆ ఖాళీ డబ్బా సంచిలో వేసుకుని సకీనా షాపుకు నడిచింది.

సకీనాది మంఖాల్ బస్టాపు దగ్గర చిన్న మొబైల్ షాపు. శంషాబాద్‌లో పుట్టి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. రీచార్జి నుంచి పగిలిన అద్దం మార్చడం దాకా అన్నీ ఆమే చూసుకుంటుంది.

"జర చూడు బిడ్డా. ఆయన ఫోను పగటి పూట ఒక్కసారి పలుకుతది, ఇగ దినమంత సచ్చిపోతది. నాది గీ బటన్లది జూస్తే ఏడ వెట్టినా మోగుతది. గిదేం రోగమో చెప్పు."

సకీనా డబ్బా వెనక అచ్చు వేసిన అంకెలు చదివింది. తిప్పి మళ్లీ చదివింది. "ఫోన్ మంచిదే అవ్వా. గని మన దేశం కోసం చేసింది గాదు. మన దిక్కు నడిచే బ్యాండ్లు ఇందులో సగం లేవు."

"బ్యాండంటే ఏంది?"

సకీనా కొంచెం ఆలోచించింది. "మొన్న మీ గల్లీల పెండ్లికి డీజే పెట్టిన్రు గద. ఇంట్లకు వోయి తలుపులేసుకుంటే నీకేం ఇనొచ్చింది?"

"పాటేడ ఇనొచ్చింది బిడ్డా. ధన్ ధన్ అని గోడలదురుడే."

"హా, గదే. టవర్ నుంచి వచ్చేది గూడ గట్లనే అనుకో. సన్న గొంతుది ఒకటి, లావు గొంతుది ఒకటి. పద్దెన్మిది వందలు, ఇరవై మూడు వందలు అని నంబర్లుంటయి, అవి సన్నయి. సినిమాలు గిట్ల జల్ది తెస్తయి గని, గుట్ట అడ్డమొస్తే ఆడనే ఆగిపోతయి. తొమ్మిది వందలది, ఎనిమిది వందల యాభైది లావువి. దూరం పోతయి, గోడలు దాటుతయి, పల్లంలకు గూడ దిగుతయి. నీ బటన్ల ఫోన్ లావుది ఇంటది. ఆయన ఫోన్‌కు ఆ చెవే లేదు."

"ఇంట్ల మంచిగనే పలికింది గద?"

"మీ ఇంటి ఎన్కనే టవర్ ఉంది. ఆడ ఏ ఫోనైనా పలుకుతది. అందరు కెమెరా జూసి కొంటరు అవ్వా. మన సిమ్ము ఏ బ్యాండ్ మీద నడుస్తది, అది ఫోన్‌ల ఉన్నదా లేదా అని ఎవ్వరు అడగరు."

రుక్కమ్మకు ఇందులో సగమే అర్థమైంది. ఆ సగంలోంచే ఒక ప్రశ్న లేచింది. "మరి పల్లంల పల్కకుంటే, రోజూ పగటి పూట నాకు ఫోనెట్ల జేస్తున్నడు?"

"ఏదన్న ఎత్తు మీదికి ఎక్కి చేస్తుండొచ్చు" అంది సకీనా, డబ్బా మూస్తూ. "ఎత్తుకెక్కితే టవర్‌కు అడ్డముండదు గద, ఉన్న బ్యాండే దొరుకుతది."

ఆ వాగు పక్కన ఎత్తు అంటూ ఉన్నది ఒక్కటే. ఫోనులో రోజూ హోరుమన్న గాలి ఎక్కడిదో రుక్కమ్మకు అప్పుడు తెలిసింది. పల్లంలో అంత గాలి వీయదు. ఇన్ని రోజులూ ఆ చప్పుడు వింటూ మురిసిపోయింది తను.

"జంటగుండ్లు" అంది.

మైకు ఆటో మాట సకీనా కూడా విన్నదే. ఇద్దరూ ఒకేసారి గోడ గడియారం వైపు చూశారు. మధ్యాహ్నం కావస్తోంది. ఇంకాసేపట్లో ఆ ముసలాయన పెళ్లాం అన్నం తినాలని గుండు ఎక్కుతాడు. ఎక్కవద్దని చెప్పడానికి దారి లేదు. ఎక్కితే తప్ప ఆయన ఫోను మోగదు.

సకీనా షట్టరు దించేసి స్కూటీ తీసింది. రుక్కమ్మ ఎప్పుడూ స్కూటీ ఎక్కలేదు. ఆ రోజు ఎక్కడం కూడా ఆమెకు గుర్తులేదు. ప్లాట్ల మధ్య ఎర్రమట్టి రోడ్డు మీద బండి ఎగిరెగిరి పడుతుంటే సకీనా భుజం పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చేస్తూనే ఉంది. కవరేజి ఏరియాలో లేరు. నెత్తి మీద నుంచి విమానం ఒకటి చక్రాలు దించుకుని పోయింది. జీవితంలో మొదటిసారి ఆ ఆడమనిషి మాట వింటే రుక్కమ్మకు ఊరట కలిగింది. కలవడం లేదంటే ఇంకా కిందే ఉన్నాడు.

"కొత్త ఫోన్ ఏం కొనకు అవ్వా" అని అరిచింది సకీనా గాలిలో. "నీది ఆయనకియ్యి, ఆయనది నువ్వు పెట్టుకో. అయిపాయె."

"ముందు మనిషి దొరకాలె బిడ్డా."

రోడ్డు వాగుకు ఎగువనే ఆగిపోయింది. సకీనా అటవీశాఖ వాళ్లకు ఫోను చేసింది. వస్తున్నామన్నారు, కానీ ఎంతసేపట్లో అన్నది చెప్పలేదు. "నేను ఈడుండి వాళ్లకు తొవ్వ చూపిస్త. నువ్వొక్కదానివే పోతవా?" అని అడిగింది.

"ఆడున్నది నా మొగుడు గద" అంది రుక్కమ్మ, దిగడం మొదలుపెట్టింది.

పల్లంలో గాలి లేదు. తుమ్మచెట్ల కింద ఎండ మరకలు మరకలుగా పడి ఉంది, ప్రతి మరకా చిరుతలాగే కనిపించింది. ఊపిరి తీస్తే వినిపిస్తుందేమోనని సగం సగం తీస్తూ నడిచింది. వాగు మలుపులో మంద కనిపించింది. మేయడం లేదు. అన్నీ ఒకదానికొకటి ఒత్తుకుని, తలలు లోపలికి పెట్టి నిలబడ్డాయి. మంద కుక్క పొద కింద కడుపు నేలకు ఆనించి పడుకుంది. రుక్కమ్మను చూసి తోక కూడా ఆడించలేదు.

ఆమె తలెత్తి చూసింది.

కుర్మయ్య కిందిగుండు మీద నిలబడి ఉన్నాడు. భుజాన గొంగడి, చేతిలో ఆ మెరిసే ఫోను. చెయ్యి ఎత్తి సిగ్నల్ కోసం అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆయన వీపు వెనక పైగుండు మీద ఎవరో గడ్డిమోపు పెట్టి మరిచిపోయినట్టుంది. ఇక్కడ గడ్డి కోసేవాళ్లు ఎవరా అనుకుంది. ఆ మోపుకు తోక కదిలింది.

రుక్కమ్మ అరవబోయింది. అదే సమయానికి ఆమె చేతిలో బటన్ల ఫోను మోగింది. ఆ పల్లంలో, గొర్రెలు ఉలిక్కిపడేంత గట్టిగా మోగింది. ఎట్లాగో నొక్కి చెవికి పెట్టుకుంది.

"తిన్నావే?" అన్నాడు కుర్మయ్య.

పులి ఉందని చెబితే ఉలిక్కిపడి తిరుగుతాడు. తిరిగితే కాలు జారుతుంది, లేదా అది దూకుతుంది. "తిన్న" అంది. "దిగిరా అయ్యా."

గాలి హోరులోంచి కుర్మయ్య రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నాడు. "నువ్వు కింద నిలవడ్డది నాకు కనవడ్తున్నది. అర్వకు. ఉర్కకు. నా ఎన్క ఉన్నది నాకు ఎర్కే."

రుక్కమ్మ కదలకుండా ఫోను చెవికి అదుముకుంది.

"మాట్లాడుకుంట దిగుత. నువ్వు ఇనుకుంట నిలవడు. ఇగో, ఒక అడుగు ఏసిన. ఇంకో అడుగు. దానికి మన మీద కోపమేం లేదు. నువ్వు బీరకాయ కూర వండినవా ఇయ్యాల? కమ్మటి వాసన—"

మాట తెగిపోయింది. రుక్కమ్మ చెవిలో టుయ్ టుయ్‌మన్న చప్పుడు మిగిలింది. ఆయన రెండు గుండ్ల మధ్య సందులోకి దిగాడు, ఆ ఫోనుకు అక్కడ సిగ్నల్ లేదు. మనిషీ కనబడడం లేదు, మాటా వినబడడం లేదు. పైన ఆ పసుపు ఒళ్లు మెల్లగా లేచి, ఒళ్లు విరుచుకుని, గుండు అవతలికి దిగిపోయింది. ఏ పక్కకు దిగిందో తెలియదు. రుక్కమ్మ పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఎరగదు. తెగిపోయిన ఫోనును చెవికి అట్లాగే అదుముకుని, అందులోంచి ఇంకేమైనా వస్తుందేమోనని వింటూ నిలబడింది. ఇంకో విమానం వచ్చింది, పోయింది. ఆ హోరులో ఎవరైనా అరిచినా వినబడి ఉండదు.

సందులోంచి ముందు కర్ర బయటికి వచ్చింది. తర్వాత గొంగడి. తర్వాత మొగుడు.

ఇద్దరూ మందను మలిపి, వెనక్కి వెనక్కి చూసుకుంటూ సకీనా నిలబడ్డ రోడ్డు మీదికి తోలుకొచ్చారు. అక్కడికి వచ్చాక రుక్కమ్మ మట్టిలోనే కూలబడింది.

"ఆడ పండుకుంటున్నదని నీకు ఎప్పటి సంది ఎర్క?"

"మొన్నటి సంది. అది పైన పండుకుంటది, నేను కింద నిలవడ్త. దాని జోలికి నేను పోలె."

"ఎర్కుండి ఎట్లెక్కినవయ్యా?"

ఇది కూడా అడుగుతారా అన్నట్టు చూశాడు కుర్మయ్య. "నువ్వు తినవు గద."

రుక్కమ్మ బటన్ల ఫోను ఆయన చేతిలో పెట్టి, ఆ పెద్ద ఫోను లాక్కుంది. ఆయన సద్దిమూట తనే విప్పింది. మెతుకులు మట్టిలో పడుతున్నా, ఆయన ముందే బుక్క తర్వాత బుక్క మింగింది. "ఇగో, చూడు. తింటున్న. రేపటి సంది నీ ఫోను రాకముందే తింట" అంది ఏడుస్తూ. సకీనా మొహం పక్కకు తిప్పుకుంది.

మర్నాడు బోను పెట్టారు. చిరుత ఇంకా పడలేదు. కుర్మయ్య మందను వాగు దిక్కు కాకుండా రోడ్డు అవతల ఎండిన కుంటలోకి తోలాడు. మధ్యాహ్నం పెద్ద ఫోను మోగేసరికి రుక్కమ్మ కంచం కడిగి బోర్లించింది కూడా.

"తిన్నావే?" అన్నాడు.

ఆమె కళ్లు మూసుకుని, ఫోను చెవికి అదుముకుని, గాలి చప్పుడు ఉందేమోనని విన్నది. గొర్రెలు గడ్డి కొరుకుతున్న చప్పుడు, ఎక్కడో కుక్క మొరుగుడు. గాలి లేదు. అప్పుడు తిన్నానని చెప్పింది.