పిలుపుల ఫోల్డరు

పొద్దున ఆఫీసులో ప్రింటరు పొట్ట విప్పుకుని కూర్చున్నాను. అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, కంప్యూటర్లో ఫైళ్ళ పేర్లన్నీ మారిపోయాయిరా. చివర ఏవో పిచ్చి అక్షరాలు వచ్చి చేరాయి. నేనేం ముట్టుకోలేదు."

నేనేం ముట్టుకోలేదు! ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆఫీసుల చుట్టూ తిరిగి కంప్యూటర్లు బాగుచేసే బతుకు నాది. ఈ మాట వినీ వినీ జుట్టు నెరిసింది. కీబోర్డు మీద టీ ఒలుకుతుంది, ఎవరూ ముట్టుకోరు. వైరస్ వస్తుంది, ఎవరూ ఏమీ నొక్కరు. పాపం కంప్యూటరే తనంతట తాను బజారున పడి దాన్ని వెంటబెట్టుకొస్తుంది కాబోలు. "ప్లగ్గు పీకెయ్. ఇంకేం నొక్కకు, నీకు పుణ్యముంటుంది," అని అరిచి, స్క్రూలు ఎక్కడివక్కడే వదిలేసి బయలుదేరాను. ఆ కంప్యూటర్లో ఉన్నది బావ గొంతు మరి.

బావ బస్టాండులో అనౌన్సరు. బస్సు ఆలస్యంగా వస్తుందని ఇంకెవరైనా చెబితే జనం మండిపడతారు. బావ చెబితే "సర్లే, వస్తుందిలే" అని మళ్ళీ కూలబడేవారు. ఆ గొంతులోనే పుండు లేచింది. స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కడన్నారు డాక్టర్లు. ఆపరేషనుకి ముందు ఆసుపత్రిలో మాటలు నేర్పే థెరపిస్టు ఒకావిడ ఒక దారి చెప్పింది. రోజూ మాట్లాడే మాటలన్నీ ఇప్పుడే రికార్డు చేసి పెట్టుకోండి, తర్వాత టాబ్లెట్‌లోకి ఎక్కిస్తాను, బొమ్మ మీద వేలు పెడితే మీ గొంతే పలుకుతుంది అంది.

మైకు నేనే తెచ్చి బిగించాను. బావ చెప్పేవాడు, అక్క సర్దేది. సర్దడంలో మా అక్కని మించినవాళ్ళు లేరు. "ఫోను ఎత్తితే" అని ఒక ఫోల్డరు, "డాక్టరు దగ్గర" అని ఒకటి, "బజార్లో" అని ఒకటి. "కోపం" అని కూడా ఒకటి పెట్టింది. అందులో "ఆ టీవీ గోల తగ్గిస్తారా, నన్నే లేచి రమ్మంటారా" మొదలుకుని నన్ను తిట్టే తిట్లదాకా అన్నీ ఉన్నాయి. ఆఖరిది "పిలుపులు". మనవరాలి ముద్దుపేరు, నన్ను పిలిచే "ఏరా బావమరిదీ", ఇంకా అక్కని పిలిచే "ఏమోయ్".

పెళ్ళయినప్పట్నుంచీ ఆయన అక్కని పేరుపెట్టి పిలిచింది లేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఒక ఏమోయ్, కళ్ళజోడు కనపడకపోతే ఒక ఏమోయ్, అలిగిన అక్కని దారికి తెచ్చుకునేటప్పుడు ఇంకో రకం ఏమోయ్. అన్నీ అక్క దగ్గరుండి చెప్పించింది. "ఇది కాదండీ, నిన్న సాయంత్రం పిలిచారు చూడండి, అలా," అనేది. "నిన్నటిది ఇప్పుడెక్కణ్ణుంచి తేను? ఏం వేషాలే నీవి," అని విసుక్కుంటూనే మళ్ళీ చెప్పేవాడు. గొంతు అప్పటికే బొంగురుపోయింది. నాలుగు మాటలకోసారి ఆగి నీళ్ళు తాగేవాడు.

ఆపరేషను అయింది. మనిషి దక్కాడు, మాట పోయింది. మెడకి కట్టు, చేతిలో రాసి చెరిపే పలక. కుట్లు మానాక ఫైళ్ళన్నీ పట్టుకు రమ్మంది థెరపిస్టు. ఇదిగో ఇంతలో ఈ గొడవ.

నేను వెళ్ళేసరికి బావ లోపలి గదిలో నిద్రపోతున్నాడు. అక్క పీకిన ప్లగ్గు చేత్తో పట్టుకుని, వదిలితే పేలిపోతుందన్నట్టు నిలబడి ఉంది.

"ఏం నొక్కావక్కా? నిజం చెప్పు."

"ఆసుపత్రి వాళ్ళ రిపోర్టు అనుకున్నానురా. లోపల ఇంకా ఏమన్నా మిగిలిందో లేదో మెయిల్లో పంపుతామన్నారు కదా, రోజూ చూస్తున్నా. ఇవాళ 'మీ రిపోర్టు' అని కనపడింది. ఇంకేం ఆలోచించలేదు, నొక్కేశా."

తిడదామని తెరిచిన నోరు మూసుకున్నాను. మా అక్క ఎదురుచూస్తోందని ఆ దొంగవెధవలకేం తెలుసు? వాళ్ళు లోకమంతటికీ అదే మెయిలు పంపుతారు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు నిజంగానే రిపోర్టు కోసం కాచుకుని ఉంటారు. వాళ్ళకి అది చాలు.

నెట్ వైరు తీసేసి కంప్యూటరు వేశాను. ఫైళ్ళన్నిటికీ తాళం పడింది. డబ్బు కడితేనే తీస్తామని తెర నిండా బెదిరింపు. మరి నేను పెట్టిన యాంటీవైరస్ ఏం చేస్తున్నట్టు? ఆపేసి ఉంది. రికార్డింగు మధ్యలో అది 'టింగ్'మని మోగి మాటల్లో పడుతోందని బావ ఆపేశాడట. మళ్ళీ వేయాలని ఆ రోజుల్లో ఎవరికి గుర్తుంటుంది?

"పెన్‌డ్రైవులోకి ఎక్కించమన్నాను కదా, ఎక్కించావా?"

"అయ్యో, ప్రతి ఆదివారం ఎక్కించానురా. ఒక్క వారం మానితే ఒట్టు." బీరువాలోంచి చేతిరుమాల్లో చుట్టిన పెన్‌డ్రైవు తెచ్చి అరచేతిలో పెట్టింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "నీలాంటిది ఆఫీసుకి ఒక్కర్తి ఉంటే నేను కాలు మీద కాలేసుకుని కూర్చునేవాణ్ణే," అన్నాను. అక్క మొహం వెలిగింది. నా ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశాను. ఫోల్డర్లన్నీ వరసగా, అక్క పెట్టిన పేర్లతో కనపడ్డాయి. "ఫోను ఎత్తితే" నొక్కాను. తెరుచుకోలేదు. "బజార్లో" నొక్కాను. అదీ అంతే. అప్పుడు కనపడింది, ప్రతి బొమ్మ మూలనా చీమ తలకాయంత బాణం గుర్తు.

అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు. బావ వెతుక్కోనక్కర్లేకుండా తెర మీద పెట్టినవి. షార్ట్‌కట్‌లో సరుకేమీ ఉండదు. సరుకు ఎక్కడుందో చెప్పే చిరునామా చీటీ, అంతే. మా అక్క ఆదివారం ఆదివారం ఆ చీటీలు తీసుకెళ్ళి బీరువాలో దాచింది.

"ఈ బాణం చూడలేదా అక్కా?"

"ఎందుకు చూడలేదూ? బాణం ఉంటే లోపలికి వెళ్ళిపోయినట్టు, ఇక భద్రం అనుకున్నా. బాణం లేనివాటిని చూస్తేనే నాకు భయం వేసేది. అందుకే ఉన్నవే ఏరి ఏరి ఎక్కించా." నా మొహం చూసి ఆగిపోయింది. "చిటికెలో ఎక్కేవిరా. ఎంత మంచి పెన్‌డ్రైవు తెచ్చావో అనుకునేదాన్ని."

నాకు ఏడుపొచ్చింది. ఎవర్ని తిట్టను? ఫోల్డరుకీ చీటీకీ ఒకే బొమ్మ గీసి, మూలన కంటికి ఆనని బాణం ఒకటి తగిలించిన మహానుభావుణ్ణి తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. "మెల్లగారా, ఆయన లేస్తారు," అంది అక్క.

ఆ వారమంతా నేను చేయని ప్రయత్నం లేదు. తాళం తీస్తామనే సాఫ్ట్‌వేర్లన్నీ వేసి చూశాను. దొంగల అడ్రసుకే మెయిలు పెడితే, అలాంటి అడ్రసే లేదని తిరిగొచ్చింది. ఈ పనిలో నాకు గురువులాంటి ఆయన డిస్కు చూసి తల అడ్డంగా ఊపాడు. అందరి ఫోన్లూ గాలించాం. బావకి వాయిస్ మెసేజీలంటే చిరాకు. బస్టాండులో ఎప్పటి మాట అప్పుడు మైకులో చెప్పడమే గాని దాచిపెట్టింది లేదు. దొరికిందల్లా నా ఫోన్లో ఎప్పుడో రికార్డయిన కాల్ ఒకటి. "ఆ. ఆ. సరే. పెట్టేస్తున్నా." అక్క దాన్ని మళ్ళీ పెట్టమంది, మళ్ళీ పెట్టమంది.

అసలు రిపోర్టు కూడా ఆ వారమే వచ్చింది. లోపల ఏమీ మిగల్లేదు, మనిషికి ఢోకా లేదన్నారు. అక్క కాగితం కళ్ళకద్దుకుంది. తర్వాత వెళ్ళి ఆ కంప్యూటరు ముందే కూర్చుంది.

"బావకి నేను చెప్తాలే. వైరస్ పెన్‌డ్రైవుని కూడా తినేసిందంటాను. ఆయనకేం తెలుస్తుంది?" అన్నాను.

"వద్దురా. నా మొహం చూస్తేనే పట్టేస్తారు. పట్టుకున్నా, నాలుగు చీవాట్లు పెట్టడానికి ఆయనకి నోరేదీ? నేనే చెప్తా. నువ్వు పక్కనుండు చాలు."

బావ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. అక్క మంచం అంచున కూర్చుని మెయిలు దగ్గర్నుంచి బాణం దాకా ఒక్కటీ దాచకుండా చెప్పింది. వింటూ వింటూ ఆయన మొహం పాలిపోయింది. చెయ్యి మెడ కట్టుదాకా వెళ్ళి అక్కడే ఆగింది. తర్వాత పలక తీసుకున్నాడు. "టింగ్ ఆపింది నేనే" అని రాశాడు. చెరిపి, మళ్ళీ రాశాడు. "కోపం కూడా పోయిందిగా. ఇక నీకు ఎదురేముంది?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్క నవ్వలేదు.

"తిట్లు పోతే పోనీండి. డాక్టరుకి చెప్పేవి, బజార్లో అడిగేవి అన్నీ పలక మీద రాయండి, చదువుకుంటా. మరి నన్నెలా పిలుస్తారు? వంటింట్లో ఉంటే పలక నాకు కనపడుతుందా? ఆ పిలుపు లేకపోతే ఈ ఇంట్లో నాకేం తోస్తుందండీ?" అని భోరుమంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, అక్క అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

బావ పలక మంచం మీద పడేసి అక్క చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఉండండి. ఎలా పిలిచేవారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోనివ్వండి. మరిచిపోతానేమోనని భయంగా ఉంది," అని అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. తల ఆయన వైపు వంచి, చెవి అప్పగించి కూర్చుంది.

బావ ఆమె మొహంలోకి చూస్తూ పెదాలు కదిపాడు. మెడ కట్టు దగ్గర గాలి బుస్సుమంది గాని మాట రాలేదు. మళ్ళీ కదిపాడు. పెదాలు కలిసి, విడివడి, గుండ్రంగా అయ్యాయి. అక్క ఇంకా అలాగే వింటోంది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, పెదాలు మాత్రం ఆగడం లేదు.

ఇక నావల్ల కాలేదు.

"అక్కా, కళ్ళు తెరు," అన్నాను. "బావ పిలుస్తున్నారు."