గడప బయట చెప్పులు

గడప బయట చెప్పులు.

అంచుల నిండా గోదారి ఒండ్రు. తడి మీద ఎరుపు. ఆరాక బూడిద.

ఏటికి ఎర్రనీళ్ళొచ్చిన వారం అది. ఊళ్ళ నుంచి ఏ కాలొచ్చినా ఆ మట్టితోనే వస్తోంది.

"చెప్పులు లోపలికి తెచ్చుకోండమ్మా."

వెంకటదుర్గ ఎవరితోనైనా ముందు అనే మాట అదే. పేరు కంటే ముందు. మంచినీళ్ళ కంటే ముందు. మొగుళ్ళ చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్ళు వచ్చే ఆఫీసు అది. రాజమండ్రిలో, బోర్డు లేని సందులో. ముందుగదిలో బల్ల ఆమెది. తొమ్మిదేళ్ళుగా ఆమెదే. వచ్చేవాళ్ళు మొహానికి కొంగు చుట్టుకుంటారు. చెప్పులు మాత్రం గుడికొచ్చినట్టు బయటే వదిలేస్తారు. దారిన పోయే ఏ మరిదో ఆ చెప్పులు చూస్తే చాలు, గుర్తుపట్టడానికి — మొహం అక్కర్లేదు.

సోమవారం నాగదుర్గ వచ్చింది. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది. చెప్పగానే చెప్పులు చేత్తో పట్టుకొచ్చి బల్ల కింద దాచింది.

"ఏం లేదండి. ఊరికే అడిగి వెళ్దామనండి."

అందరూ అలాగే వస్తారు. ఊరికే.

మోచేతి మీద కమిలిన మచ్చ. అది కూడా ఊరికేనేమో...

వెంకటదుర్గ రాసుకుంది. పేరు. ఊరు. ఫోను. పిల్లలు — లేరు. భర్త ఏం చేస్తారు... చెయ్యి రాస్తూనే ఉంది. మనసు ఎప్పుడో రాయడం మానేసింది.

"మీరుండటానికి మా హోంలో ఖాళీ లేదమ్మా. గురువారం ఒక మంచం ఖాళీ అవుతుంది. ఫోన్ చేస్తాను. సంచీ సర్దకండి. కట్టుబట్టల్తో వచ్చేయండి."

"ఆయన ఎత్తితేనండి?"

"జాకెట్లు కుట్టే షాపంటాను. అందరిళ్ళకీ అదే చెప్తాను."

నాగదుర్గ ఏదో అనబోయింది. అప్పుడే ఇంకో ఆవిడ ఏడుస్తూ లోపలికొచ్చింది. బయట ఇంకో జత చెప్పులు.

గురువారం మంచం ఖాళీ అయింది. వెంకటదుర్గ ఫోన్ చేసింది.

మగ గొంతు. మెత్తని గొంతు.

"టైలరింగ్ షాపు నుంచండి. నాగదుర్గ గారి జాకెట్లు అయిపోయాయండి. వచ్చి పట్టుకెళ్ళమనండి."

అవతల టకటకమంటున్న చప్పుడేదో ఆగింది.

కుట్టుమిషను. ఆగాక గానీ అది కుట్టుమిషనని తెలియలేదు.

"మా ఆవిడ జాకెట్లు పెళ్ళైన కాడ్నించీ నేనే కుడతానండి." నవ్వాడు కూడా. "ఇంతకీ షాపెక్కడండి మీది?"

పెట్టేసింది.

పుస్తకం తీసింది. తన దస్తూరీయే. గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా —

భర్త ఏం చేస్తారు: టైలరు.

తొమ్మిదేళ్ళలో ఆ అబద్ధం ఎంతమందిని గుమ్మం దాటించిందో. ఒక్క ఇంటికే అది పనికిరాదు. ఆ ఒక్క ఇంటికే...

లోపలిగదిలోంచి, ఆఫీసు నడిపే సాయిదుర్గ మేడమ్ పోలీస్ స్టేషనుకి ఫోన్ చేసింది. సాయంత్రానికి కానిస్టేబుల్ నుంచి కబురు.

"వెళ్ళొచ్చామండి. గొడవేం లేదండి. ఆవిడే టీ పెట్టిచ్చిందండి. చక్కగా ఉన్నారిద్దరూ."

చక్కగా.

శుక్రవారం మంచం ఖాళీ. శనివారం ఖాళీ. హోం చూసుకునే ఏసమ్మ ఫోను. "ఇంకొకరికి ఇచ్చేయనా అక్కా? ఇక్కడ ఇద్దరు కింద పడుకుంటన్నారు."

"సోమవారం దాకా ఆగవే."

తనను తాను తిట్టుకోవడానికి కూడా ఓపిక లేదు. ఎవరొచ్చినా ముందు కాళ్ళే చూస్తోంది. కాళ్ళు చూసి, మాట అని, రాసుకుని... మళ్ళీ కాళ్ళు.

సోమవారం.

గుమ్మానికి కర్టెన్. దాని కింద జానెడు వెలుతురు. ఆ వెలుతురులోకి రెండు పాదాలు వచ్చి ఆగాయి.

ఆ చెప్పులే.

ఎడమ పట్టీకి పిన్నీసు లేదు. నల్లదారం. సన్నని కుట్టు, దగ్గర దగ్గరగా, ఒక్క పోగు పైకి లేవకుండా — చెయ్యి తిరిగినవాడి కుట్టు.

"చెప్పులు లోపలికి తెచ్చుకోండమ్మా."

పాదాలు కదల్లేదు.

వెంకటదుర్గ బల్ల మీంచి వంగింది. ఇంకా వంగింది. పక్కన ఇంకో జత, మగవాడిది, ఉందేమోనని...

గడప బయట చెప్పులు.

అంచుల నిండా ఒండ్రు. ఇంకా తడి ఆరలేదు.