రెండు పక్కటెముకలు పైకి

తెల్లవారినప్పటి నుంచి మబ్బు కదలలేదు. గాలి లేదు, చినుకు లేదు. పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఆకాశం ఇళ్ళ కప్పుల మీదికి వేలాడుతోంది. నర్సూ ఆమె మరిదీ శిక్షణకు బయలుదేరుతున్నారు. ఇద్దరిదీ ఒకే ఆస్పత్రి. ఆమె వార్డులో, అతను అంబులెన్సు మీద. దారిలో తెలిసినవాడు కనబడితే చాలు, హారన్ కొట్టి పలకరిస్తాడని అందరూ అతన్ని హారన్ అనే పిలుస్తారు.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంకా ఏం నేర్చుకుంటావే? చదువుకున్నదానివి, పక్కలోనే పడుకున్నావు. ఏం తెలిసింది?"

నర్సు చెప్పులు తొడుక్కుంది. రెండేళ్ళుగా ఆ మాటకు బదులు చెప్పడం మానేసింది. రాత్రి నవ్వుతూ పడుకున్న భర్త తెల్లారేసరికి చల్లబడి ఉన్నాడు. అప్పటినుంచి ఇల్లు గడుస్తున్నది ముఖ్యంగా మరిది డ్రైవరు ఉద్యోగం మీదే.

"పొద్దున్నే మొదలెట్టకే అమ్మా," అన్నాడు హారన్. "పద వదినా."

శిక్షణ ఇస్తున్నది గుండె డాక్టరు. నడివయసు మనిషి, తక్కువ మాట్లాడుతుంది. రోగి బండెక్కగానే ఈసీజీ తీసి, గీతలు దారిలోనే చదవగలిగితే ముందున్న ఆస్పత్రి సిద్ధంగా ఉంటుందని ఆమె పట్టుదల. పాఠం చెప్పడంలో ఆమెకో పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళే ఒకరికొకరు రోగులు కావాలి. తీసినవాళ్ళే కాగితం పట్టుకుని అందరికీ వినబడేలా చదవాలి.

"ముందు ఎవరు పడుకుంటారు?"

హారన్ చొక్కా విప్పి బల్లెక్కాడు. "ఉత్తినే పడుకుంటే జీతమిచ్చే రోజు మళ్ళీ రాదు మేడమ్."

"మా మరిదికి నేను పెడతాను," అంది నర్సు.

వార్డులో ఈసీజీ తీసేది టెక్నీషియనే. ఆమె చేయి ఇంతవరకు వేరే పనులకే అలవాటుపడింది. ఛాతీ నడుమ ఎముకకు అటొకటి, ఇటొకటి మొదటి రెండు స్టిక్కర్లు నాలుగో పక్కటెముక కింద పెట్టాలి. గొంతు కిందినుంచి వేలు జార్చుకుంటూ లెక్కపెట్టింది. మెడ కింది ఎముకనే మొదటి పక్కటెముక అనుకుంది. ఆ తర్వాత చక్కిలిగింతకు హారన్ మెలికలు తిరిగితే లెక్క ఇంకోసారి తప్పింది. స్టిక్కర్లు రెండు ఎముకలు పైన అతుక్కున్నాయి.

మిషను కాగితం కక్కింది. ఆమె చదవబోయి ఆగింది. మొదటి రెండు చోట్ల గీత నిలువుగా ఎక్కింది, కానీ ఎక్కినట్టు దిగలేదు. ఏటిగట్టు వాలులా నిదానంగా జారి కిందికి మునిగింది.

శిక్షణకు వచ్చిన వార్డు టెక్నీషియన్ మెడ చాచి చూశాడు. "సిస్టర్ గారూ, ఎక్కడ పెట్టారండీ? ఇంకొంచెం పైకి పెడితే మనవాడి గొంతుకే ఈసీజీ తీసేవాళ్ళు! అప్పుడు కాగితం మీద హారనే పడేది."

గది ఘొల్లుమంది. హారన్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

డాక్టరు నవ్వలేదు. తనే స్టిక్కర్లు తీసి సరైన చోట పెట్టింది. ఈసారి గీత శుభ్రంగా వచ్చింది.

"చూశారా, చోటు తప్పితే మంచివాణ్ణి రోగిని చేసేస్తాం!" అన్నాడు టెక్నీషియన్.

 డాక్టరు మొదటి కాగితాన్ని బల్ల మీదే ఉంచి, టీకి పొమ్మని అందరినీ పంపింది. "మీరిద్దరూ ఉండండి," అంది.

తలుపు మూసుకున్నాక హారన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "తప్పుగా తీసిన కాగితం కదండీ, ఇంకా దాంతో పనేముంది?" అన్నాడు.

"చోటు తప్పితే గీత కొద్దిగా మారుతుంది బాబూ. ఇలా మాత్రం మారదు. గుండె లయ ఉన్నట్టుండి తప్పే జబ్బిది, కొన్ని ఇళ్ళల్లో రక్తంలోనే వస్తుంది, కొందరిలో దాక్కుని ఉంటుంది. పైన పెడితేనే బయటపడుతుంది. ఆ సంగతి మధ్యాహ్నం చెబుదామనుకున్నాను." ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయావా?"

"లేదండి."

"మీ ఇంట్లో చిన్నవయసులో, నిద్రలో ఎవరైనా పోయారా?"

"లేదు మేడమ్," అన్నాడు హారన్. మరీ త్వరగా అన్నాడు. వదిన వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు అర్థమైంది. గుండె జబ్బున్నవాడి చేతికి అంబులెన్సు ఇవ్వరు.

కిటికీ అవతల ఎవరో టీ కప్పులు కడుగుతున్నారు. నర్సు కాగితం మీది వాలుగీతను చూసింది. బడిలో ఉన్న కూతురు గుర్తొచ్చింది. ఆ పిల్లకు అన్నీ తండ్రి పోలికలేనని చూసినవాళ్ళందరూ అంటారు.

"మా ఆయన," అంది. "ఇతని అన్న. నిద్రలోనే."

హారన్ తల దించుకున్నాడు.

పెద్ద పరీక్షలు చేసేదాకా బండి నడపొద్దంది డాక్టరు. ఒళ్ళు వేడెక్కితే ఈ జబ్బు తిరగబడుతుందని, జ్వరమొస్తే ఒక్క పూట కూడా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రమ్మంది. పాపను తీసుకొస్తే తనే ఈసీజీ తీస్తానంది. నర్సు ప్రతిదానికీ తలూపింది. చివరికి, "ఆ రాత్రి నేను మెలకువగా ఉంటే?" అని అడిగింది.

"ఏమో సిస్టర్. చప్పుడే ఉండకపోవచ్చు," అంది డాక్టరు. అంతకంటే ఓదార్చలేదు.

సాయంత్రం శిక్షణ ముగిశాక, పొద్దున తామొచ్చిన మోటార్‌సైకిలు టెక్నీషియన్‌కు అప్పగించి ఇద్దరూ నడిచే వచ్చారు. సగం దారిలో హారన్ నోరు తెరిచాడు.

"ఒక్క మాట మింగలేకపోయావా వదినా?"

"రెండేళ్ళుగా మింగుతూనే ఉన్నానయ్యా."

"రేపట్నుంచి నేనేం చేయాలి? ఇంట్లో కూర్చుని అమ్మ తిట్లు తినాలా?"

"బతికుండి తిను."

 అతను రాయి ఒకటి తన్నుకుంటూ ముందు నడిచాడు. కాసేపటికి ఆగి, ఆమె పక్కకు వచ్చేదాకా నిలబడ్డాడు.

ఇంట్లో అత్తగారికి అతనే చెప్పాడు. అన్నకు ఉన్నదే తనకూ ఉందట, చిన్నదానికీ చూడాలట, పక్కన ఎవరున్నా తెలిసేది కాదేమోనట. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ముసలావిడ గోడకు చేయి ఆనించి విన్నది. అంతా అయ్యాక కోడలి వైపు తిరిగింది.  లోపలికి వెళ్ళి కంచాలు తెచ్చింది.

నలుగురికీ ఒకేసారి వడ్డించింది. తనూ వాళ్ళ మధ్యే కూర్చుంది. చిన్నది ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసి, అడగబోయిన మాట ఆపుకుని ముద్ద కలుపుకుంది. హారన్ కంచం నిండుగానే ఉండిపోయింది. తల్లి అతని కంచం అంచును వేలితో తట్టింది. అతను తినడం మొదలుపెట్టాడు. కోడలి కంచంలో కూర అయిపోతే, ఆమె అడగకుండానే అత్తగారు ఇంకో గరిటె వేసింది. అందరూ తిన్నారు.