ముప్పై ఎనిమిదో పేజీలోని గొడుగు

గర్భస్రావపు మాత్రలు ఇచ్చేముందు సమస్త సమాచారమూ రోగి చెవిన పడి తీరాలని శాసనసభ చట్టం చేసింది. ఆ సమాచారం అరవై నాలుగు పేజీల పుస్తకమైంది. కమిటీ సభ్యులు తలా ఒక పేజీ చేర్చాలని పట్టుబట్టడంతో, అందులో మందు సంగతికన్నా మెట్లెక్కే పద్ధతి, కుర్చీలో కూర్చునే తీరు, గొడుగు ఆవశ్యకత వంటి విషయాలే విస్తారంగా చోటు చేసుకున్నాయి. ఆసుపత్రి ఉద్యోగి ఒకరు దాన్ని ఏకబిగిన వినిపించాలి. నడుమ మరో గొంతు వినబడినా, పది సెకన్లు నిశ్శబ్దం ఆవరించినా, గోడమీది పెట్టె ఎర్రదీపం వెలిగించి మొదటి పేజీకి తరిమేస్తుంది. ఆసాంతం విన్నాకే అది చీటీ కక్కుతుంది. ఆ చీటీ చూపితేనే మందుల బీరువా తెరుచుకుంటుంది.

స్కూలు బస్సు నడిపే ఆవిడ రెండు గంటలకు ఆడబిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. మూడో కాన్పు వద్దని నిశ్చయించుకుంది, భర్తా సరేనన్నాడు. అదే చట్టం ఆమెకిచ్చిన గడువు ఆ సాయంత్రం అయిదింటితో సరి.

మొదటి విడత డాక్టరు ముప్పై ఎనిమిదో పేజీ దాకా నిర్విఘ్నంగా చదివింది.

"రోగి గొడుగును వెంటనుంచుకొనుట శ్రేయస్కరము..."

"గొడుగెందుకు డాక్టరమ్మా?" అంది ఆడబిడ్డ.

ఎర్రదీపం.

"నీ నోరు కుట్టెయ్య! కాసేపు ఊరుకోలేవూ?" అంది బస్సావిడ.

"అనుమానం వస్తే అడగమని రెండో పేజీలో వాళ్ళే అన్నారుగా వదినా!"

రెండో విడత నలభై ఒకటో పేజీలో ముగిసింది. 'రోగి కారణము లేక నవ్వరాదు' అని అక్కడ ఉంది. అప్పటివరకూ ఎవరికీ నవ్వు రాలేదు. బస్సావిడ పెదవులు బిగబట్టి, కళ్ళు మూసుకుని, చివరకు ముక్కుతో నవ్వేసింది.

ఎర్రదీపం.

గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. డాక్టరు గొంతు బొంగురుపోయింది.

"ఎంత తొందరగా చదివినా నాకు గంట పడుతుందమ్మా."

"పోనీ, రేపు పొద్దున్నే వస్తే?"

"ఒక్కరోజు దాటినా బీరువా తెరుచుకోదు."

బస్సావిడ ముఖం పాలిపోయింది. అంతవరకూ గది తుడుస్తున్న ఆయా, తుడుపుకర్రను గోడకు ఆనించింది.

"నేను చెప్పనా డాక్టరమ్మా? రెండేళ్ళుగా వింటున్నా. నిద్దట్లో కూడా అదే కలవరిస్తున్నానని మా ఆయన పక్కగదికి మారిపోయాడు."

"నువ్వూ ఉద్యోగివేగా!" అంది డాక్టరు, అదేదో అప్పుడే కనిపెట్టినట్టు.

"మరి? ఊరికే తుడుస్తున్నాననుకున్నారా?"

ఆయా గొంతు సవరించుకుంది. ఆడబిడ్డ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. పుస్తకం ఆయా నోట బొగ్గు రైలులా బయలుదేరింది. మెట్లు గడిచాయి, కుర్చీ గడిచింది, గొడుగు గడిచింది. నవ్వరాదన్న చోట బస్సావిడ తన తొడ తానే గిల్లుకుంది. అరవై మూడో పేజీ పూర్తయ్యేసరికి నాలుగూ యాభై.

అక్కడ ఆయా ఆగిపోయింది.

రోజూ సరిగ్గా ఆ ఘట్టంలోనే డాక్టరుకు టీ తేవడానికి వెళ్తుంది. చివరి పేజీ ఏనాడూ విన్న పాపాన పోలేదు. చేతులు తిప్పి సైగచేసింది. నాలుగు సెకన్లు. డాక్టరు పుస్తకం ఆ పేజీకి తెరిచి ఆమె ముందు పెట్టింది. ఆయా కళ్ళు చికిలించి తల అడ్డంగా ఊపింది. ఏడు. డాక్టరు తన కళ్ళజోడు ఊడదీసి ఆమె ముక్కుమీద తగిలించింది. తొమ్మిది...

"ఓపికగా వినినందులకు సభ కృతజ్ఞతలు తెలుపుచున్నది!" అని ఆయా ఒక్క కేక పెట్టి, మిగతా పేజీ కూడా అదే గొంతున పూర్తిచేసింది.

పెట్టె చీటీ కక్కింది. బీరువా తెరుచుకుంది. అయిదుకు ఆరు నిమిషాలుండగా బస్సావిడ మాత్ర మింగింది.

తరువాత డాక్టరు ఆ చీటీ వెనక రాసిచ్చింది: రెండో మందు ఎప్పుడు వేసుకోవాలో, రక్తస్రావం ఎంత మించితే ఏ నంబరుకు ఫోను చేయాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో. రెండు నిమిషాల పని.

"ఇది పుస్తకంలో ఎక్కడుంది డాక్టరమ్మా?" అంది ఆడబిడ్డ.

"లేదమ్మా. చోటు చాల్లేదట."

వదినా ఆడబిడ్డలు గుమ్మం దాటేసరికి వాన దంచికొడుతోంది. ఇద్దరిలో ఎవరూ గొడుగు తేలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తడుస్తూ, పగలబడి నవ్వారు. ఈసారి కారణం ఉంది.